గోనెపట్ట కట్టుకున్నారు, మరి తోట?

కెనడాలో 1880ల నుంచి 1990ల దాకా నడిచిన ఆదివాసీ రెసిడెన్షియల్ స్కూళ్ళలోకి లక్షన్నరకు పైగా పిల్లల్ని చేర్చారు. ఖర్చు ప్రభుత్వానిది, నిర్వహణ క్రైస్తవ సంఘాలది. ఆ గాయం తర్వాత ఆదివాసులకూ మిగతా సమాజానికీ సఖ్యత ఎలా కుదరాలి, అందులో క్రైస్తవుల వంతు ఏమిటి అని ఒకే కుటుంబానికి చెందిన ఇద్దరు విశ్వాసులు వాదించుకున్న మాటలివి. ఒకరు కాకినాడలో పాస్టరుగా పనిచేసి రిటైరైన పెద్దాయన. మరొకరు విన్నిపెగ్‌లో నర్సుగా స్థిరపడిన ఆయన మేనకోడలు. ఇద్దరూ చదివేది ఒకే బైబిలు.

మామయ్య: అమ్మా, ఒక మాట అడుగుతాను, కోప్పడకు. ఇంకా ఎన్నాళ్ళు? 1986లో యునైటెడ్ చర్చి క్షమాపణ అడిగింది. 1991లో కథోలికుల్లోని ఆబ్లేట్ ఫాదర్లు అడిగారు. 1993లో ఆంగ్లికన్లు, 1994లో ప్రెస్బిటేరియన్లు. 2008లో ప్రధాని హార్పర్ పార్లమెంటులో నిలబడి అడిగాడు. 2022 జులైలో పోప్ ఫ్రాన్సిస్ నడవలేని మోకాళ్ళతో అంత దూరం వచ్చి అడిగాడు. పాపం ఒప్పుకున్నవాడికి క్షమాపణ ఉంటుంది, క్షమాపణ వెనకాల విడుదల ఉంటుంది. అదే కదా మనం ప్రకటించేది? ఇక్కడ మాత్రం ఒప్పుకోలు తర్వాత మళ్ళీ ఒప్పుకోలే తప్ప విడుదల కనబడదు.

మేనకోడలు: కోపం ఎందుకు మామయ్యా. మీరు చెప్పిన మొదటి సంవత్సరం దగ్గరే ఆగుదాం. 1986లో సడ్‌బరీలో యునైటెడ్ చర్చి మోడరేటర్ రాబర్ట్ స్మిత్ ఆదివాసీ పెద్దల ముందు క్షమాపణ అడిగారు. ఆ పెద్దలు విన్నారు, అందుకున్నారు. క్షమించామని మాత్రం అనలేదు. రెండేళ్ళ తర్వాత, 1988లో, ఆ సంఘంలోని ఆదివాసీ విశ్వాసులు జవాబు చెప్పారు: మీ మాట విన్నాం, ఇక అది మీ నడతలో కనబడాలని ఎదురుచూస్తాం అని దాని సారాంశం. క్షమాపణ అడిగిన చోట రాళ్ళు పేర్చి ఒక గుర్తు కట్టారు, దాన్ని కావాలనే అసంపూర్తిగా వదిలేశారు. ఆ జవాబు చెప్పినవాళ్ళు బయటివాళ్ళు కారు. అదే సంఘంలో బాప్తిస్మం పొంది, అదే బల్ల దగ్గర రొట్టె తీసుకునేవాళ్ళు. మాట అయింది, పని మిగిలింది అన్నారు. అది సువార్తను కాదనడం ఎలా అవుతుంది?

మామయ్య: పని అంటే దానికో హద్దు ఉండాలి కదా. యెహెజ్కేలు పద్దెనిమిదో అధ్యాయం నాకంటే నీకేం తక్కువ తెలియదు. తండ్రి దోషాన్ని కొడుకు మోయనక్కర్లేదని ప్రవక్త ఖండితంగా చెప్పాడు. ఇవాళ విన్నిపెగ్ చర్చిలో కూర్చునే ముప్పై ఏళ్ళ కుర్రాడు ఏ బిడ్డనీ తల్లి ఒడిలోంచి లాక్కోలేదు. నువ్వైతే తునిలో పుట్టినదానివి. నీకేమిటి ఆ భారం?

మేనకోడలు: అదే అధ్యాయంలో నీతిమంతుడి లక్షణాలు వరసగా చెబుతూ, తాకట్టు పెట్టుకున్నది తిరిగి ఇచ్చేయడాన్ని కూడా ప్రవక్త లెక్కపెట్టాడు మామయ్యా. తండ్రికి రావలసిన శిక్ష కొడుక్కి రాదు, నిజమే. తండ్రి ఉంచేసుకున్న పరాయి సొమ్ము మాత్రం కొడుకు ఇంట్లోనే ఉంటుంది కదా. నెహెమ్యా, దానియేలు తాము చేయని తప్పులకు, పితరుల తప్పులకు, మేమూ మా పితరులూ అని కలుపుకుని మోకరించారు. వాళ్ళను ఎవరూ బలవంతపెట్టలేదు.

ఇక నా సంగతి. నేను తునిలోనే పుట్టాను. ఇప్పుడు నా ఇల్లు మాత్రం 1871లో రాసుకున్న ఒకటో నంబరు ఒప్పందం నేల మీద ఉంది. ఆ కాగితం మీద ఒక పక్షం ఆదివాసులు, రెండో పక్షం రాణి ప్రభుత్వం. నేను పౌరసత్వం తీసుకున్న రోజున ఆ రెండో పక్షంలో చేరాను. 2021 నుంచి కెనడా పౌరసత్వ ప్రమాణంలోనే ఆదివాసుల హక్కులను, ఒప్పందాల హక్కులను గుర్తించే మాట ఉంది. నేను నడిచే రోడ్డు, పనిచేసే ఆసుపత్రి, తీసుకునే జీతం ఆ నేలను ఆనుకుని ఉన్నవే. లాభంలో వాటా పుచ్చుకుని, బాకీ నాది కాదని ఎలా అనను?

మామయ్య: సరే. నా మనసులో ఉన్న అసలు బాధ చెబుతాను. మిషన్ స్కూలు అనే మాట వినగానే నీ తోటివాళ్ళు మొహం చిట్లిస్తారు. నాకది గుండెల్లో గుచ్చుకుంటుంది. కాకినాడలో మన తెలుగువాడు తామస్ గాబ్రియేలు పని మొదలుపెట్టి, సాయం రమ్మని పిలిస్తే, 1874లో కెనడా బాప్టిస్టుల తరఫున జాన్ మెక్లారిన్ దొర వచ్చాడు. ఊరి బడి గడప తొక్కనివ్వని రోజుల్లో మన పిల్లలకు పలక ఇచ్చింది వాళ్ళు. మా నాన్నగారు మిషన్ బోర్డింగులో చదువుకోబట్టే పాలేరుతనం తప్పింది. ఆ గంజి తాగిన కుటుంబంలోంచే నువ్వూ నర్సువయ్యావు. అదే దేశం నుంచి వచ్చిన అదే విశ్వాసం అక్కడ దుర్మార్గం, ఇక్కడ దయ ఎలా అయిందో నాకు చెప్పు.

మేనకోడలు: ఆ రుణం నేను మరచిపోలేదు, మరచిపోను. తేడా ఎక్కడుందో మీ మాటల్లోనే ఉంది. ఇక్కడ మనవాడు పిలిస్తే వాళ్ళు వచ్చారు. తాతయ్యను బోర్డింగులో చేర్చింది ముత్తాత. నచ్చకపోతే వెనక్కి తీసుకెళ్ళే హక్కు ఆయన చేతిలో ఉండేది. దొరలు వచ్చి తెలుగు నేర్చుకున్నారు, తెలుగులో పాడించారు, తెలుగులో ప్రార్థన చేయించారు. సెలవులకు తాతయ్య ఇంటికి వెళితే అమ్మతో అమ్మ భాషలోనే మాట్లాడాడు.

అక్కడ 1920లో ఆదివాసులకు వర్తించే ఇండియన్ చట్టాన్ని సవరించి ఏడేళ్ళ నుంచి పదిహేనేళ్ళ పిల్లల్ని బడికి పంపడం తప్పనిసరి చేశారు. పంపని తల్లిదండ్రుల మీద శిక్ష. పిల్లల జుట్టు కత్తిరించారు, చాలా చోట్ల పేరు తీసేసి నంబరు పెట్టారు, క్రీ వంటి తమ భాషలు మాట్లాడితే కొట్టారు. మనకు అక్షరం ఇచ్చారు, అమ్మను ఉండనిచ్చారు. అక్కడ అక్షరం ఇస్తామని చెప్పి అమ్మను తీసేశారు. బోర్డింగు రెండు చోట్లా ఉంది. ఒకచోట తల్లిదండ్రుల ఇష్టం ఉంది, ఇంకోచోట పోలీసు ఉన్నాడు.

మామయ్య: అక్కడా అందరూ అలాంటివాళ్ళు కారు. 1840లో నార్వే హౌస్ దగ్గర మెథడిస్టు మిషనరీ జేమ్స్ ఎవాన్స్ క్రీ భాషకు లిపి పెట్టి కీర్తనలు అచ్చు వేశాడు. తర్వాత ఆ లిపిలో బైబిలంతా వచ్చింది. ఆ భాషను చంపాలనుకున్నవాడు చేసే పనేనా అది?

మేనకోడలు: కాదు, మంచి పనే. అందుకే తర్వాత జరిగింది ఇంకా బరువుగా కనబడుతుంది నాకు. క్రీ భాషలో దేవుడు పలకగలడని తెలిసిన సంఘాలే ఆ భాష పిల్లల నోట రానివ్వని బడులు నడిపాయి. మధ్యలో ప్రభుత్వం వచ్చింది. పిల్లవాడికి ఇంత అని తలసరి గ్రాంటు ఇచ్చింది. డబ్బు పిల్లల లెక్కన వస్తుంది గనక మంచాలు నింపాలి, జబ్బు పిల్లల్నీ చేర్చుకోవాలి. 1907లో ప్రభుత్వ వైద్యాధికారి పీటర్ బ్రైస్ ప్రెయిరీ ప్రాంతపు బడులు చూసి నివేదిక రాశాడు. లెక్కలు పంపిన బడుల్లో చేరిన పిల్లల్లో దాదాపు నాలుగో వంతు చనిపోయారని తేలింది. ఎక్కువగా క్షయే. సామ్యూల్ హ్యూమ్ బ్లేక్ అనే ఆంగ్లికన్ న్యాయవాది అదే కాలంలో తన సంఘం లోపలి నుంచే, ఆపగలిగిన ఈ మరణాలను ఆపకపోతే ప్రభుత్వ శాఖ నరహత్య నేరానికి దగ్గరవుతుందని హెచ్చరించాడు. ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు అనే మాటకు ఇక చోటు లేదు మామయ్యా. చెప్పినవాళ్ళు ఉన్నారు, విననివాళ్ళు ఉన్నారు.

మామయ్య: నిజం గురించి అంత పట్టింపు ఉన్నదానివి, ఇది కూడా ఒప్పుకోవాలి. 2021 మే నెలలో కామ్‌లూప్స్‌లో, ఒకప్పటి రెసిడెన్షియల్ స్కూలు దగ్గర, 215 మంది పిల్లల శవాలు బయటపడ్డాయని లోకమంతా రాశారు. అక్కడ ఒక్క గుంట కూడా తవ్వలేదు. రాడార్‌లో నేల కదిలినట్టు కనబడిన చోట్లు అవి. ఆ వార్త వేడిలో ఆ వేసవిలో ఎన్నో చర్చిలు తగలబడ్డాయి. వాటిలో కొన్ని ఆదివాసీల రిజర్వుల్లోనివే. అందులో పెళ్ళి చేసుకున్న, అందులో బిడ్డకు బాప్తిస్మం ఇప్పించుకున్న క్రీ ముసలమ్మ ఏం తప్పు చేసింది? ఆమె విశ్వాసాన్ని దొరలు అంటించిన జబ్బు అన్నట్టు మాట్లాడడం ఆమెను ఇంకోసారి అవమానించడం కాదా?

మేనకోడలు: మీరన్నది పూర్తిగా ఒప్పుకుంటాను. రాడార్ చూపించింది సమాధులు కావచ్చు అనదగిన చోట్లనే. తెలిసినంతే చెప్పాలి. చనిపోయిన పిల్లలకు గౌరవం కూడా అదే. చర్చిలు తగలబెట్టడాన్ని ఆ ప్రాంతాల ఆదివాసీ చీఫ్‌లే ఖండించారు. ఆ ముసలమ్మ విశ్వాసం ఆమెదే. దాన్ని ఆమె చేతిలోంచి లాక్కునే హక్కు నాకు లేదు, ఇంకెవరికీ లేదు.

అయితే పిల్లల మరణాలు ఆ రాడార్ మీద ఆధారపడి లేవు. ముర్రే సింక్లెయిర్ అధ్యక్షతన సత్య, సఖ్యతా కమిషన్ ఏళ్ళ తరబడి దేశమంతా తిరిగింది. ఆరు వేల మందికి పైగా సాక్ష్యం విన్నది. 2015లో నివేదిక ఇచ్చింది. ఆ కమిషన్ తర్వాత విన్నిపెగ్‌లోనే ఏర్పడిన జాతీయ కేంద్రం స్మారక జాబితాలో నాలుగు వేలకు పైగా పేర్లున్నాయి. చాలామందిని బడి పక్కనే పూడ్చారు. ఇంటికి కబురు కూడా వెళ్ళని కుటుంబాలున్నాయి. అందుకే సంఘాలు తమ బీరువాల్లోని రిజిస్టర్లు తెరవడమే సఖ్యతలో మొదటి మెట్టు అంటాను. మీరు కోరే ఖచ్చితమైన నిజం ఆ కాగితాల్లోనే ఉంది.

మామయ్య: తెరవాలి. అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ నిజం తెలిశాక? యోసేపును చూడు. అన్నలు గుంటలో పడేశారు, అమ్మేశారు. ఆయన చేతిలో అధికారం ఉండి కూడా వాళ్ళను కౌగలించుకుని ఏడ్చాడు. మీరు కీడు తలపెట్టినా దేవుడు దాన్ని మేలుగా తిప్పాడని ఓదార్చాడు. గాయపడినవాడు అంత ఎత్తుకు ఎదగగలడని వాక్యం చెబుతుంటే, మనం వాళ్ళను గాయంలోనే ఉండిపొమ్మని ప్రోత్సహించడం ప్రేమ అవుతుందా?

మేనకోడలు: యోసేపు కథలో కౌగిలికి ముందు ఏం జరిగిందో చూడండి మామయ్యా. తనెవరో యోసేపు వెంటనే చెప్పలేదు. బెన్యామీనును బానిసగా ఉంచేస్తానన్నప్పుడు యూదా ముందుకొచ్చి, తమ్ముణ్ణి పంపేయండి, వాడి బదులు నేను బానిసగా ఉంటానన్నాడు. ఒకప్పుడు తమ్ముణ్ణి అమ్ముదామని సలహా ఇచ్చిన యూదాయే ఇప్పుడు తమ్ముడి కోసం తనను ఇచ్చుకున్నాడు. అది విన్నాకే యోసేపు ఆగలేకపోయాడు. అన్నలు క్షమాపణ కోసం తొందరపెట్టలేదు, తారీఖు పెట్టలేదు. క్షమించే సమయం యోసేపు చేతిలో ఉంది. మనం ఆ పేజీలు తిప్పేసి, ఇక కౌగలించుకోండి అంటున్నాం.

మామయ్య: నువ్వు యూదాను పట్టుకున్నావు, నేను జక్కయ్యను పట్టుకుంటాను. ప్రభువు జక్కయ్యతో ముందు బాకీలు తీర్చు, తర్వాత నీ ఇంటికి వస్తాను అనలేదు. చెట్టు మీద ఉండగానే నీ ఇంట దిగుతానన్నాడు. కృప ముందు, చెల్లింపు తర్వాత. నువ్వు చెప్పే సఖ్యతలో ఆ వరస తిరగబడుతోంది. కృప లేని చోట మనుషులు భయపడి దాక్కుంటారు, లాయర్ల వెనక్కి పోతారు.

మేనకోడలు: వరస మీరు చెప్పిందే సరైనది. ప్రభువే ముందు వచ్చాడు. కానీ ఆయన ఇంటికి వచ్చాక జక్కయ్య సంచీ ముడి విప్పాడు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానని నలుగురి ముందూ అన్నాడు. రక్షణ వచ్చిందన్న మాట ఆ తర్వాతే వినబడింది. కెనడాలో ఏం జరిగిందో చూడండి. 2006 నాటి రెసిడెన్షియల్ స్కూళ్ళ పరిహార ఒప్పందంలో కథోలిక సంస్థలు నగదు, సేవలు కాక, విరాళాలు పోగుచేసి రెండున్నర కోట్ల డాలర్లు ఇవ్వడానికి శక్తి మేరకు ప్రయత్నిస్తామన్నాయి. పోగైంది నలభై లక్షల లోపే. 2015లో కోర్టు తీర్పుతో ఆ బాధ్యత నుంచి బయటపడ్డాయి. లాయర్ల వెనక్కి పోవడం అన్నారే, అది కృప దొరకక జరిగింది కాదు. కృప మీద ప్రసంగాలు ఆగని సంఘాలే ఆ పని చేశాయి.

మామయ్య: 2021లో కెనడా బిషప్పులు మూడు కోట్ల డాలర్లు ఇస్తామని ప్రకటించారు. అది కూడా చెప్పాలి.

మేనకోడలు: చెప్పాలి, సంతోషంగా చెబుతాను. అయితే ఆ ప్రకటన కామ్‌లూప్స్ వార్త తర్వాత వచ్చింది. అంతకుముందు ఆరేళ్ళు గడువు ఉంది, గుర్తు రాలేదు.

నన్ను వదలని కథ ఇంకొకటి ఉంది మామయ్యా. నాబోతు ద్రాక్షతోట. అహాబు ఆ తోట దోపిడీ దొంగలా తీసుకోలేదు. యెజెబెలు పెద్దలకు ఉత్తరాలు రాసింది, ముద్ర వేసింది, ఉపవాసం చాటించింది, సాక్షుల్ని నిలబెట్టింది. అంతా చట్టప్రకారం, పైగా భక్తి పేరుతో. అమెరికా ఖండాల్లో నేల పోయిందీ అలాగే. 1493లో పోప్ ఇచ్చిన ఆజ్ఞాపత్రం, దాని మీద కట్టిన, ఆ నేల తమదనే సిద్ధాంతం, దాని మీద రాసిన చట్టాలు. ఏలీయా వచ్చి చంపి స్వాధీనం చేసుకున్నావని నిలదీశాక అహాబు నిజంగానే కుంగిపోయాడు. గోనెపట్ట కట్టుకున్నాడు, ఉపవాసం ఉన్నాడు. ఆ దుఃఖాన్ని దేవుడు కూడా చూశాడు. కానీ తోట నాబోతు ఇంటివాళ్ళకు తిరిగి ఇచ్చినట్టు ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. తీర్పు ఆగింది, పోలేదు. కొడుకు రోజులకు వాయిదా పడింది. మన క్షమాపణలు ఎక్కడ ఆగిపోయాయో ఆ కథ నాకు చూపిస్తుంది.

మామయ్య: ఇది ఆలోచించాల్సిన మాటే. నలభై ఏళ్ళు ఆ అధ్యాయం మీద ప్రసంగించాను, ఎప్పుడూ ఏలీయా ధైర్యం దగ్గరే ముగించాను. సరే, తోట ఇచ్చేయాలి అంటావు. ఎలా? విన్నిపెగ్‌ను ఖాళీ చేయిస్తారా? ఆ లక్షలమంది ఎక్కడికి పోతారు? చేయలేనిదాన్ని కోరితే అది న్యాయం కాదు, ఇంకో నిరాశ అవుతుంది.

మేనకోడలు: ఊళ్ళు ఖాళీ చేయమని నేను చూసిన ఏ ఆదివాసీ పెద్దా అడగలేదు. సంఘాల పేరు మీద ఉన్న నేల మాట సంఘాలు తేల్చమంటున్నారు. చేసినవాళ్ళు ఉన్నారు. అమెరికాలో 1843లో వయన్‌డాట్ ప్రజలను ఒహాయో నుంచి వెళ్ళగొట్టినప్పుడు, తమ ప్రార్థనాలయాన్ని, తమవాళ్ళ సమాధుల నేలను మెథడిస్టు సంఘానికి అప్పగించి పోయారు. ఆ సంఘం 2019లో దాన్ని వాళ్ళకు తిరిగి రాసిచ్చింది. అప్పర్ సాండస్కీలో ఉన్న కాస్త నేల అది. సౌత్ డకోటాలో జెసూట్ ఫాదర్లు 2017లో ఐదు వందలకు పైగా ఎకరాలు రోజ్‌బడ్ సూ తెగకు తిరిగి ఇచ్చారు. ఎవరినీ ఇళ్ళలోంచి వెళ్ళగొట్టలేదు.

నేల ఒక్కటే కాదు. ఎవరు నిర్ణయిస్తారన్నది కూడా తిరిగి ఇవ్వాలి. కెనడా ఆంగ్లికన్లు 2014లో ఉత్తర ఒంటారియో, మానిటోబాల్లోని ఆదివాసీ సంఘాలకు మిషామికోవీష్ అనే సొంత అధ్యక్ష మండలాన్ని ఏర్పరిచారు. లిడియా మామాక్వా అనే ఆదివాసీ స్త్రీ దానికి బిషప్పు అయ్యారు. మీరు అడిగిన ముసలమ్మ విశ్వాసానికి గౌరవమంటే ఇదీ. ఆమె సంఘాన్ని ఆమెవాళ్ళే నడుపుకోవాలి.

మామయ్య: నువ్వు చెప్పిన 1493 ఆజ్ఞాపత్రం మీద కట్టిన ఆ సిద్ధాంతాన్ని 2023 మార్చిలో వాటికన్ కూడా తిరస్కరించింది కదా.

మేనకోడలు: తిరస్కరించింది. మంచి అడుగు. ఐతే 2022లో మాస్క్వాచీస్‌లో పోప్ ఫ్రాన్సిస్ క్షమాపణ అడిగినప్పుడు, చాలామంది క్రైస్తవులు చేసిన కీడుకు అన్నట్టుగా మాట్లాడారు. సంఘం ఒక సంస్థగా చేసినదాని మాట చాలలేదని ముర్రే సింక్లెయిర్ అన్నారు. అదే చోట, రెసిడెన్షియల్ స్కూల్లో చదివిన విల్టన్ లిటిల్‌చైల్డ్ పోప్ తలకు ఈకల కిరీటం పెట్టి గౌరవించారు. ఇద్దరూ అదే కమిషన్‌లో కలిసి కూర్చున్నవాళ్ళు. ఒకరు చాలలేదన్నారు, ఒకరు కిరీటం పెట్టారు. ఆ రెండింటినీ మనం వినాలి. మనకు ఇంపుగా ఉన్న ఒక్కదాన్ని ఏరుకుని, అదుగో, వాళ్ళు క్షమించేశారు అనకూడదు.

మామయ్య: ఒక మాట మాత్రం నేను వదలను తల్లీ. నువ్వు ఎన్ని ఎకరాలు తిరిగి ఇచ్చినా, ఎన్ని కోట్లు కట్టినా, ఇంటికి రాని బిడ్డ రాడు. పూర్తిగా చెల్లించడం ఎవరి వల్లా కాదు. చెల్లింపు ఎక్కడ చాలకపోతుందో అక్కడ సిలువ తప్ప దారి లేదు. ఎవరో ఒకరు లెక్కకు మించి క్షమించాలి. దాన్ని తీసేస్తే మిగిలేది నష్టపరిహారం, అది సఖ్యత కాదు. నువ్వు న్యాయం గురించి మాట్లాడినంత గట్టిగా క్షమ గురించి మాట్లాడడం లేదు. అది నీ వాదనలో లోపం.

మేనకోడలు: ఆ లోపం ఒప్పుకుంటున్నాను, మీ మాట సరిచేసింది. లెక్కకు మించిన క్షమ లేకుండా ఇది ముగియదు. నేననేది ఒక్కటే. ఆ క్షమ వాళ్ళిచ్చే దానం. ఇంకా ఇవ్వని దానాన్ని మనం మన ఖాతాలో ముందే జమ వేసుకోకూడదు. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టబోతూ సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడ వదిలి ముందు అతని దగ్గరికి వెళ్ళమన్నాడు ప్రభువు. అతను నిన్ను క్షమించాడో లేదో ఆరా తీయమనలేదు, వెళ్ళమన్నాడు. నడవాల్సింది తప్పు చేసిన వైపు.

మామయ్య: అయితే ఇలా తేలుద్దాం. క్షమించమని వాళ్ళకు నేను ప్రసంగం చెప్పను. అది చెప్పే అర్హత వాళ్ళలోని దైవజనులకే ఉంది. నా ప్రసంగం నా వైపువాళ్ళకు. సెప్టెంబర్ 30న ఆ దేశంలో ఆ పిల్లల స్మృతి దినం కదా. ఆ వారం మీ తెలుగు సంఘంలో పిల్లలకు ఈ చరిత్ర చెప్పండి. కమిషన్ 94 పిలుపుల్లో సంఘాలకు సంబంధించినవి చదివించండి. మీరు ఆరాధనకు అద్దెకు తీసుకున్న గుడి ఏ సంఘానిదో, దాని నేల ఎలా వచ్చిందో, రిజిస్టర్లు ఎక్కడున్నాయో అడగండి. నెల నెలా కానుకల్లో ఒక భాగం ఆ మనుషులు నడిపే పనికి పంపండి, ఖర్చు లెక్క అడక్కండి. నాకు నీతో ఇంకా పేచీ ఉంది. ఈ పని చేసేవాళ్ళు సంతోషంగా చేయాలి, తలవంచుకుని ఏడుస్తూ కాదు. జక్కయ్య సంతోషంగానే చేశాడు.

మేనకోడలు: అందులో పేచీ లేదు మామయ్యా. సంతోషంగా చేస్తాం. ఎంత సంతోషంగా చేసినా, ఇక చాలు అని చెప్పే మాట మాత్రం మన నోటి నుంచి రాకూడదు. అది వాళ్ళు చెప్పాలి. వాళ్ళు చెప్పేదాకా మనం చేస్తూనే ఉండాలి.